రాహుకాలం డబ్బాలు

మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీని ఎవరైనా "ఆ షెడ్డు" అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నిజమే, చూడ్డానికి అది షెడ్డే. చిత్తూరు దాటాక తిరుపతి రోడ్డు పక్కన, ఒకప్పుడు వేరుశెనగ కాయలు పోసుకున్న గోడౌను. పైన రేకులు, లోపల ఒక బాయిలరు, గుజ్జు తీసే మిషను, రెండు పెద్ద కాగులు, డబ్బాలకు మూత బిగించే మిషను ఒకటి. అయితేనేం? డెబ్బైల చివర్లో మా చుట్టుపక్కల తోటల కాయను ఓడెక్కించింది ఆ షెడ్డే. పెట్టింది మా నాయన.

నాయన అంతకుముందు మామిడి మండీ నడిపేవాడు. ఒక ఏడు కాపు విరగ్గాసింది. మా వైపు బెంగళూరా అనే తోతాపురి కాయను కొనే దిక్కు లేక, రైతులు బండ్లకు బండ్లు రోడ్డు పక్కన గుమ్మరించి వెళ్ళిపోయారు. ఆ కుళ్ళు వాసన పదిరోజులు ఊరిని వదల్లేదు. "పండిచ్చినోడే పారబోసుకుంటా ఉంటే, మనం యాపారస్తులమని యాడ చెప్పుకునేదబ్బా" అంటూ నాయన అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయాడు. ఆ తర్వాత రెండేళ్ళకు ఫ్యాక్టరీ నిలబడింది.

నేను అప్పుడే తిరుపతిలో బీయస్సీ ముగించుకుని ఇంటికొచ్చాను. "సదువుకున్నదానివి, ఊరికే కూర్చునేదేమిటికి? వచ్చి సూస్తా ఉండు" అని నాయన నన్ను ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు. సూస్తా ఉండమంటే నేను ఊరుకుంటానా! వారం తిరగకముందే బాయిలరు మనిషి దగ్గర్నుంచి కాయలు కోసే ఆడవాళ్ళ దాకా అందరి మీదా పెత్తనం చేశాను. నా నోటికి జడిసి ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. అది నా గొప్పే అనుకున్నాను.

పనంతా ఒక వరస. మాగిన కాయ కడగాలి, కొయ్యాలి, మిషన్లో వేసి గుజ్జు తియ్యాలి, కాగులో కాచాలి. పొగలు కక్కుతుండగానే డబ్బాల్లో నింపి, మూత బిగించి, ఆ డబ్బాలను మరిగే నీళ్ళలో కొంతసేపు ఉంచి తియ్యాలి. మూత మిషను దగ్గర ఒకామె ఉండేది. నలభై దాటిన మనిషి. అంతకుముందు మొగుడితో కలిసి చెరకు గానుగ దగ్గర బెల్లం వండినామె. అందరూ మిషనక్క అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని.

ఈ వరసలో నాయన పెట్టిన నియమం ఒక్కటే. రాహుకాలంలో మూత పడకూడదు. కొత్త పని మొదలుపెట్టడానికి పనికిరాని గంటన్నర అది. ప్రతి డబ్బా ఒక కొత్త సరుకు, కాబట్టి ప్రతి మూతా ఒక మొదలే అని ఆయన లెక్క. టైము కాగానే గోడ గడియారం కింద నిలబడి, "మూతలు ఆపండమ్మా" అని కేకేసేవాడు. ఆడవాళ్ళు చేతులు కడుక్కుని వక్కాకు వేసుకునేవాళ్ళు. అప్పటికే కాగిన గుజ్జు కాగులో అలాగే ఉండేది. గంటన్నర తర్వాత మళ్ళీ మిషను కదిలేది. మా సీమలో ఇదేం వింత కాదు. రాహుకాలంలో కొళాయి నీళ్ళు పట్టుకోని ఇళ్ళు కూడా నాకు తెలుసు.

మొదటి సీజన్లో, గుజ్జును ఓడల్లో పైదేశాలకు పంపే ఒక మద్రాసు కంపెనీకి మేం పంపిన లారీ సరుకు వెనక్కి వచ్చింది. వందకు పైగా డబ్బాలు పొట్ట ఉబ్బి ఉన్నాయి. లోపల గుజ్జు పులిసిందన్నమాట. లారీ వెంట వచ్చిన మనిషి మర్యాదగానే చెప్పాడు. "ఇంకొక్క లోడు చూస్తాం సార్. అందులో ఒక్క డబ్బా ఉబ్బినా మేం మళ్ళీ ఈ పక్కకు రాం."  మద్రాసు కంపెనీ తప్ప మాకు వేరే గిరాకీ లేదు. ఆ లోడు నిలబడకపోతే షెడ్డుకు తాళమే. నలభైమంది ఆడవాళ్ళు మళ్ళీ ఎండలో కూలికి పోవాలి, కాయ మళ్ళీ రోడ్డు మీదికి పోవాలి.

తప్పెవరిదో పట్టుకుంటానని నేను కొంగు బిగించాను. డబ్బాలన్నిటి మీదా ఏ రోజు, ఏ గంటకు మూత పడిందో రంగుతో గుర్తులుండేవి. ఉబ్బినవాటిని రోజువారీగా నేలమీద పేర్చాను. సోమవారానివి పొద్దున తొమ్మిదింటివి. మంగళవారానివి సాయంత్రం నాలుగున్నరవి. బుధవారానివి మధ్యాహ్నం ఒంటిగంటన్నరవి. తలా తోకా లేదు! రేకు మంచిది కాదన్నాను. నీళ్ళు మంచివి కావన్నాను. బాయిలరు మనిషి నిద్రపోతున్నాడని అందరి ముందూ దులిపేశాను. పాపం, ఆయన ఆ రోజు అన్నం కూడా తినలేదట.

మూడో రోజు మిషనక్క వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది.

"కోప్పడనంటే ఒక మాట చెప్తా పాపా."

"చెప్పక్కా."

"ఎప్పుడూ డబ్బాను గుడ్డ పెట్టి పట్టుకుంటా. లేకుంటే చెయ్యి కాల్తాది. రాహుకాలం అయిపోతానే వచ్చే డబ్బాలు మటుకు ఉత్త చేత్తోనే పట్టుకుంటాండా."

నేను నేలమీది డబ్బాల వైపు చూశాను. సోమవారం రాహుకాలం తొమ్మిదింటికి అయిపోతుంది. మంగళవారం నాలుగున్నరకు. బుధవారం ఒంటిగంటన్నరకు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. గంటన్నర కాగులో చల్లారిన గుజ్జును డబ్బాలో మూసి, వేడి గుజ్జుతో సమానంగా నీళ్ళలో ఉడికిస్తే ఆ వేడి నడిమధ్యకు ఎక్కదు. పులవక ఏం చేస్తుంది?

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"పంచాంగానికి ఎదురు చెప్పేంత దాన్నా పాపా? అది మీ నాయన నమ్మకం. నేను నోరు తెరిస్తే, ఈమె అడుగు పెట్టినాకే డబ్బాలు ఉబ్బినాయంటారు."

 నా నోరు చూసి కూడా ఆమె వెనకాడి ఉంటుందని అప్పుడు తట్టలేదు. తర్వాత తట్టి సిగ్గుపడ్డాను.

నాయన దగ్గరికి గాలిదుమారంలా వెళ్ళాను. రాహుకాలం ఎత్తెయ్యమన్నాను.

"నాలుగక్షరాలు సదివితే రాహువే లేడంటావా?"

"పైన ఉండాడో లేడో నాకు తెల్దు నాయనా. మన డబ్బాల్లో మటుకు బాగా ఉండాడు!"

అంతే, ఆయన భుజం మీది తువ్వాలు దులిపి బయటికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ తగ్గలేదు. "మీ ఇద్దురిదీ ఒకటే నోరు. మధ్యలో నేను సావాల" అని అమ్మ విసుక్కుంది.

ముడి విప్పింది మిషనక్కే. నాయన ముందు నిలబడి, కొంగు భుజం మీదికి లాక్కుని చెప్పింది. "సామీ, రాహుకాలంలో మూత వెయ్యొద్దు. మీ మాటే కానియ్యండి. దానికి ముందే కాగు ఎక్కించేది కూడా ఆపేద్దాం. కాయ తొక్కలో ఉన్నంతసేపు చెడకుండా కాసుకుంటాది. కాగిన గుజ్జు కాసుకోదు. బెల్లం పాకం గూడా అంతే గదా."

 నాయన పెద్దగా నవ్వాడు. "ఓరి నీ! ఇంత సులువా! ఈ తండ్రీ బిడ్డా గుద్దులాడుకునిందే గానీ..." అన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నేను నాయన మీద గెలవాలని చూశాను. ఆమె డబ్బా నిలబడాలని చూసింది.

మర్నాటి నుంచి నాయన అదే గడియారం కింద నిలబడి రెండు కేకలు వేసేవాడు. రాహుకాలానికి గంట ముందు "ఇంక కొయ్యొద్దండమ్మా" అని, రాహుకాలం సగం గడిచాక "కొయ్యండమ్మా" అని. రాహుకాలం దాటేసరికి కాగులో గుజ్జు తెర్లుతూ ఉండేది. మిషనక్క ప్రతి డబ్బానూ ఉత్త చేత్తో తాకి చూసేది. చెయ్యి చురుక్కుమనకపోతే ఆ డబ్బా పక్కకే. ఆమె పక్కకు పెట్టిన డబ్బాను కలపమనే ధైర్యం నాయనకు కూడా లేదు.

పులిసేవైతే అక్కడే ఉబ్బి బయటపడతాయని, రెండో లోడు డబ్బాలు వెచ్చటి గదిలో రెండు వారాలు పెట్టాం. నాయన కాఫీ తాగకముందే వెళ్ళి చూసొచ్చేవాడు. ఏమైందని మేం అడిగేవాళ్ళం కాదు, ఆయన మొహమే చెప్పేది. పదిహేనో రోజు మద్రాసు మనిషి వచ్చి, చిన్న కర్రతో ఒక్కో డబ్బా మూతనూ తట్టుకుంటూ పోయాడు. ఆ చప్పుడు వింటూ నలభైమంది ఆడవాళ్ళు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్క డబ్బా ఉబ్బలేదు. కర్ర పక్కన పెట్టి ఆయన అన్నాడు. "వచ్చే సీజన్‌కు దీనికి మూడింతలు పంపగలరా? ఇంకో షెడ్డు వేసుకోండి."

మూడింతలు! నా కళ్ళ ముందు రెండో షెడ్డు లేచింది. దానిమీద బోర్డు కూడా కనపడింది. సరేననబోయాను.

నాయన మూత మిషను వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వేమంటావు?"

మిషనక్క చేతులు కొంగుకు తుడుచుకుంది. "వచ్చే యేడుకు ఇప్పటిదానికి ఇంకో సగం కలుపుకుందాం సామీ, సాలు. చెయ్యి నాది ఒకటే ఉండాది. ఇంకో ఇద్దురికి నేర్పిచ్చినాక ఆపై యేడు సూద్దాం."

నేను నోరు తెరిచాను. నాయన నావైపు చూడకుండానే "గమ్మునుండు" అన్నాడు. మద్రాసు మనిషితో, "మా మిషనక్క సగమే కలుపుకోమంటా ఉండాది. అట్లే రాసుకోండి" అని చెప్పాడు.

"ఈమె మీ పార్ట్‌నరా?" అని ఆయన అయోమయంగా అడిగాడు.

"ఈమె చెయ్యి కాలితేనే మా డబ్బా గడప దాటేది" అన్నాడు నాయన.

ఆ ఒక్క మాటకు నాకు మా నాయన మీద పుట్టిన గర్వం ఇంతా అంతా కాదు. తర్వాత మా చుట్టుపక్కల ఒక్క ఏడాదిలోనే మూడేసి షెడ్లు లేపినవాళ్ళున్నారు, తాళాలు వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. మేం మాత్రం ఏడాదికింత, ఏడాదికింత పెరిగాం. ఏ సీజన్లోనూ ఆ నలభైమందిలో ఒక్కరిని పొమ్మనలేదు, పైగా ఇంకా కొందరిని చేర్చుకున్నాం.

మిషనక్క నేర్పిన ఆ మొదటి ఇద్దరిలో ఒకదాన్ని నేనే. వారం తిరిగేసరికి నా అరచెయ్యి బొబ్బలెక్కింది. అమ్మ చూసి ఏడ్చింది. నేను మాత్రం ఆ చేతిని ఊరంతా చూపించుకుంటూ తిరిగాను.