మోఆబి కింద నిప్పు

మా పెద్దమ్మ అసెంగెకు ఊళ్లో ఎవరితోనూ పడదు. పెదనాన్న పోయాక ఆ పడకపోవడమంతా ఒక్క మనిషి మీదికి చేరింది. ఆయన తమ్ముడు మ్వొందో మీదికి.

తగాదా మోఆబి చెట్టు గురించి. చేలు దాటి అడవిలోకి వెళితే, మిగతా చెట్ల నెత్తిన నిలబడ్డట్టుంటుంది అది. దాని పళ్లు తింటాం, పిక్కల్లో పప్పు దంచి నూనె తీస్తాం, బెరడు కాచి నడుంనొప్పికి పోసుకుంటాం. దుంగల కంపెనీకి ఇవేవీ అక్కర్లేదు, మాను కావాలి. మ్వొందో ఇస్తానని మాట ఇచ్చేశాడు.

అయితే మాకొక కట్టుబాటుంది. పళ్ల కోసం చెట్టు దగ్గర గుడిసె వేసి ఎవరు పొయ్యి ముట్టిస్తే, ఆ నిప్పు ఉన్నన్నాళ్లూ చెట్టు వాళ్లది. దాని మీద గొడ్డలి వేయకూడదు. ఒకరి నిప్పు మరొకరు ఆర్పకూడదు, దానంతటది ఆరాలి. పెద్దమ్మ అందరికన్నా ముందే వెళ్లి ముట్టించింది. పిక్కలకు పొగబెట్టడానికి నన్ను వెంట తీసుకెళ్లింది.

మ్వొందో వచ్చి ఎదురుగా పడిపోయిన మాను మీద కూర్చున్నాడు.

"పిక్కలు ఎండాయిగా వదినా. ఇంటికి పద."

"మీ అన్న పోయినప్పుడూ ఇదే తొందర. గొయ్యి పూడ్చకముందే ఆయన కుర్చీ ఎత్తుకుపోయావు."

"కంపెనీ రంపం వాళ్లు రోడ్డు మీద కూచున్నారు."

"కూచోనీ. పిర్రలున్నాయిగా!"

నాకు నవ్వొచ్చింది. మ్వొందో నావైపు తిరిగాడు. "నువ్వేంటే పళ్లికిలిస్తావ్? బడి మానేసింది పొయ్యి ఊదడానికా?"

నేను వంగి పొయ్యి ఊదాను.

మాకెవరూ ఎండు కట్టెలివ్వకూడదని అతను ఊళ్లో చెప్పేశాడు. వానలు ముందే మొదలయ్యాయి. అడవిలో ఏరుకొచ్చిన పుల్లలకు పొగే తప్ప మంట లేదు. చాప కాల్చాం. మంచం వెదుళ్లు కాల్చాం. పిక్కల పెంకులూ అయిపోయాయి. మ్వొందో అరిటాకు నెత్తిన పెట్టుకుని మా పొయ్యినే చూస్తున్నాడు.

"ఆరుతోంది వదినా."

గుడిసెలో పొడిగా ఉన్నది ఒక్కటే, పప్పు బుట్ట. నేను దానికి అడ్డం నిలబడ్డాను.

"వద్దు పెద్దమ్మా. ఏడాది నూనె అది."

"జరుగు."

గుప్పెడు గుప్పెడు పోసింది. మంట గుడిసె కప్పును నాకబోయింది. మ్వొందో లేచి నిలబడ్డాడు.

"పిచ్చిదానా! అది తిండి!"

"అవును. నాది."

బుట్ట ఖాళీ అయ్యేసరికి రోడ్డంతా బురదయిపోయింది. వానలు తగ్గేదాకా లారీలు రావని చెప్పి రంపం వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాతే పెద్దమ్మ పొయ్యి వదిలి లేచింది.

వారం తిరక్కుండా మ్వొందో పెళ్లాం ఖాళీ సీసాతో మా గుమ్మంలోకి వచ్చింది. ఏటా వాళ్లింటికీ నూనె మా దగ్గర్నుంచే.

"మీ ఆయన్ని పిండుకో పో," అంది పెద్దమ్మ. "కావలసినంత కారుతుంది."

ఆ పూట ఆకుకూర ఉత్త నీళ్లలో ఉడికించింది. నాకు గొంతు దిగలేదు.

"మింగు," అంది. "తిని కట్టెలు కొట్టు. లారీలు మళ్లీ వచ్చేలోగా అటక నిండాలి."