ముల్లు లేచేదాకా

మా మేనమామ పెళ్లి చేసుకోలేదు. పోతూ పోతూ నాకొక ఎర్ర కారు వదిలి వెళ్లాడు. రెండే సీట్లు, పైన టాపు లేదు, కూర్చుంటే రోడ్డు చేతికందుతుంది. కుర్రతనంలో ఆయన పందేలకు నడిపిన బండి అది. ఇంజన్ పగిలిపోయాక దోమలగూడలో ఆయన ఇంటి వెనక టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి పడి ఉంది. నేను బ్యాంకులో రిటైరయ్యే నాటికి ఎలుకలు సీట్లలో సంసారాలు పెట్టాయి.

పాత కార్లున్న నలుగురైదుగురు ఆదివారం పొద్దున చిక్కడపల్లిలో ఒక టిఫిన్ హోటల్ ముందు కలుస్తారు. నేనూ వెళ్లేవాణ్ణి, స్కూటర్ మీద. "ఏందన్నా, మీ ఎర్ర బండి ఇంక లేవలేదా?" అని ప్రతివారం అడిగేవాడు హైదర్‌గూడ ఆయన. ఆయనకు ఆరు పాత కార్లున్నాయి. నేను పైకి నవ్వి, ఇంటికొచ్చి మా ఆవిడ మీద అరిచేవాణ్ణి. అత్త మీది కోపం దుత్త మీద చూపించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

చివరికి పుణెలో అదే రకం కారు గుద్దుకుని తుక్కయిందని, ఇంజన్ మాత్రం బాగుందని తెలిసింది. లారీలో తెప్పించాను. దాన్ని ఎక్కించగలవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడని అందరూ నారాయణగూడ మేస్త్రి పేరే చెప్పారు.

సందు చివర రేకుల షెడ్డు ఆయనది. వయసులో నాకంటే పెద్ద, సన్నటి మనిషి. ఇంజన్ నడుస్తుంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. లోపల ఏది అరిగిందో, ఏది వదులైందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే. కొత్త కార్లన్నీ కంపెనీ షోరూములకే పోతున్నాయి కాబట్టి ఆయనకు పని సన్నగిల్లింది. షెడ్డు స్థలం గలాయన దసరాకల్లా ఖాళీ చేయమన్నాడు.

ఆ సంగతి హైదర్‌గూడ ఆయనతో నేనే అన్నాను. "మీ బండి లేపనీయన్నా. లేస్తే నా ఆరు బండ్లూ ఆయనకే ఇస్త. షెడ్డు సంగతి కూడ నేనే మాట్లాడుత," అన్నాడు. ఈ మాట మేస్త్రికి చేరవేసినప్పుడు ఆయన చేతులు తుడుచుకుంటున్న గుడ్డను మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అయితే సార్, ఇది నా ఆఖరి బండన్నా కావాలె, మొదటి బండన్నా కావాలె," అన్నాడు.

మూడు నెలలు పట్టింది. పుణె ఇంజన్‌ను పూర్తిగా విప్పి, కొత్త బేరింగులు వేసి బిగించాడు. తీరా చూస్తే ఇంజన్ కాళ్లు కారు చట్రం మీద సరిగ్గా కూర్చోవు. ఇనప పట్టీ కోయించి, లేతు పట్టించి, మళ్లీ రుద్ది సరిచేశాడు. గొలుసు కప్పీకి వేలాడదీసిన ఇంజన్‌ను ఒక్కో అంగుళం దించుతుంటే నేను పక్కన నిలబడి సలహాలు చెప్పేవాణ్ణి. "సార్, మీరు జర చాయ్ తాగి రాండ్రి," అని మర్యాదగా పంపించేసేవాడు. ఇంజన్ చూస్తూ చూస్తూ నాకూ పని వచ్చేసిందనుకున్నాను. చూసినంత మాత్రాన వచ్చేస్తే పెళ్లిళ్లకు వెళ్లిన ప్రతివాడూ పురోహితుడే కావాలి.

మా ఇంటి ముందే మొదటిసారి స్టార్ట్ కావాలని నేను పట్టుబట్టాను. ముందురోజు సాయంత్రం బండిని అశోక్‌నగర్‌కు తోలుకొచ్చాం. తోలుకురావడమంటే, తెలిసిన ఆటో అతను వెనక బంపర్‌కు గోనెసంచి మడతపెట్టి, దాని మీద కాలు ఆనించి, చిక్కడపల్లి రోడ్డు పొడవునా తన ఆటోతో నెట్టుకొచ్చాడు. స్టీరింగ్ నాది. బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూస్తుంటే నేను రాజావారిలా కూర్చున్నాను. మేస్త్రి పక్క సీట్లో కూర్చోనన్నాడు. నూనె బట్టలని ఆటోలోనే వచ్చాడు.

బండిని వరండా ముందు పెట్టాక నన్ను దగ్గరికి పిలిచి డాష్‌బోర్డు మీద నూనె ఒత్తిడి చూపించే ముల్లు చూపించాడు. "సార్, నూనె పోసిన గని ఇంక పైకి ఎక్కలే. బేరింగులు ఎండుగ ఉన్నయి. రేపు పదింటికి వచ్చి, ప్లగ్గులు తీసి, మంట లేకుంట ఉత్తగ తిప్పుత. ఈ ముల్లు లేచినంకనే స్టార్ట్ చేద్దాం. అప్పటిదాంక చాబి ముట్టకుండ్రి." అంతటితో ఊరుకోకుండా కాయిల్ నుంచి పోయే వైరు పీకి, గుడ్డలో చుట్టి, సీటు కింద పెట్టాడు. అది లేకపోతే ఎవరు తాళం తిప్పినా ఇంజన్ అంటుకోదు. నా మీద నమ్మకం లేదా అని నాకు ఒళ్లు మండింది.

తెల్లారి మా ఆవిడ పంతులుగారికి ఫోన్ చేసి వచ్చింది. "ఏవండీ, తొమ్మిదీ నలభైలోపే స్టార్ట్ చేయాలట. తర్వాత వర్జ్యం వచ్చేస్తుందట." పంచాంగాలు నమ్మనని ఊరంతా చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆ మాట వినగానే నాకు చెమటలు పట్టాయి. మేస్త్రికి ఫోన్ చేస్తే అంబర్‌పేట బస్సులో ఉన్నానన్నాడు. "ముహూర్తం అటిటైనా పరవాలేదు సార్. ఇంజన్‌కు వర్జ్యం ఉండదు. జర ఆగుండ్రి, వస్తున్న."

ఆదివారం స్నేహితులంతా అప్పటికే వచ్చేశారు. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. మా ఆవిడ బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసింది. హైదర్‌గూడ ఆయన వాచీ చూసుకుని, "ఏందన్నా, ఉస్తాద్ లేకుంటె మీ బండి లేవదా?" అన్నాడు. అందరూ నవ్వారు. తొమ్మిదీ ముప్పై ఆరయింది. అందరూ కొబ్బరికాయ కొట్టే హడావుడిలో ఉండగా నేను సీటు కింది గుడ్డ విప్పి, వైరు తీసి, దాని చోట గుచ్చేశాను. ఎక్కడ గుచ్చాలో నాకు బాగానే తెలుసు.

తాళం తిప్పగానే అంటుకుంది. ఆ మోతకు చుట్టుపక్కల మేడల మీద కోచింగ్ పిల్లలు పుస్తకాలతో సహా పిట్టగోడల దగ్గరికొచ్చారు. చప్పట్లు విని నేను యాక్సిలరేటర్ ఇంకా తొక్కాను. ముల్లు సున్నా దగ్గరే ఉంది. నేను చూశాను. చూసి కూడా తొక్కాను. లోపలెక్కడో సుత్తితో కొడుతున్నట్టు టకటక మొదలైంది, గట్టిపడింది, ఒక్కసారి కీచుమని ఇంజన్ బిగుసుకుపోయింది.

సరిగ్గా అప్పుడే మేస్త్రి గేటు తీసుకుని వచ్చాడు. చేతిలో మిఠాయి పొట్లం ఉంది.

నిజం చెప్పడానికి నాకు ఒక్క క్షణం చాలు. ఆ క్షణాన్ని నేను ఇంకోదానికి వాడుకున్నాను. "ఏం పనయ్యా ఇది? మూడు నెలలు ఏం పీకావు?" అని అరిచాను. అప్పటిదాకా ఆయన నాకు మేస్త్రిగారు. ఆయన వచ్చి బానెట్ ఎత్తాడు. వైరు దాని చోట ఉండటం చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను కళ్లు తిప్పుకోలేదు. ఆ మొండితనం నాకెక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"గలతి అయింది సార్," అన్నాడు నెమ్మదిగా. "మల్ల విప్పి చేసిస్త."

ఎందుకలా అన్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. పని చెడగొట్టిన మేస్త్రికి ఎవరో ఒకరు ఇంకో బండి ఇస్తారు. నలుగురి ముందు బండి యజమానిని అబద్ధాలకోరు అన్నవాడికి మాత్రం ఎవరూ ఇవ్వరు. పైగా నేను తర్వాతైనా పక్కకు పిలిచి చెబుతాననుకున్నాడేమో. నేనేమో ఆ ఒప్పుకోలును గట్టిగా పట్టుకున్నాను. "చూశారా, వాడే ఒప్పుకున్నాడు," అన్నాను. ఆయనకు చేతులు వణుకుతున్నాయని, మందు అలవాటుందని కూడా అన్నాను. ఆయన చాయ్ తప్ప ఏమీ ముట్టడు. ఆడలేక మద్దెల ఓడన్నవాడు మద్దెలను తన్నడు కూడా. నేను తన్నాను. హైదర్‌గూడ ఆయన "ఛ, నా బండ్లు బతికిపోయినయి," అని కారెక్కాడు. మిఠాయి పొట్లం వరండా గట్టు మీదే ఉండిపోయింది.

వారం తర్వాత మేస్త్రి మళ్లీ వచ్చాడు. గేటు బయటే నిలబడి అడిగాడు. "సార్, నాకేం వద్దు. ఆ హైదర్‌గూడ సార్‌తోని ఒక్క మాట చెప్పుండ్రి. ఎట్లయిందో మీకెరుకే గద." లోపలికి రమ్మని నేను అనలేదు. నాకు ఆయన మీద జాలి కలగలేదు, కోపం వచ్చింది. నిజం తెలిసిన మనిషి కళ్లెదుట నిలబడితే ఎంత మంటగా ఉంటుందో ఆరోజే తెలిసింది. "చేతకాని పని ఒప్పుకోకూడదు," అని తలుపేసుకున్నాను. దసరా వెళ్లాక నారాయణగూడ షెడ్డులో ఫోన్ కవర్ల దుకాణం వచ్చింది.

ఇంజన్‌ను ఇంకో చోట విప్పించి బాగుచేయించాను. ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోంది. ఎప్పుడు స్టార్ట్ చేసినా ముల్లు లేచేదాకా బండి కదిలించను. "ఎంత ఓపికన్నా మీకు! ఎవరు నేర్పిన్రు?" అని స్నేహితులు అడుగుతారు. అనుభవం, అంటాను.

మొన్నటి ఆదివారం చిక్కడపల్లిలో టిఫిన్ హోటల్ ముందు బండి ఆపబోతుంటే నీలం చొక్కా వేసుకుని టోపీ పెట్టుకున్న ముసలతను ఈల వేస్తూ చోటు చూపించాడు. గడ్డం పెరిగింది కానీ నేను గుర్తుపట్టాను. ఆయన నన్ను కాదు, బానెట్‌ను చూశాడు. బస్సుల మోతలో తల కాస్త పక్కకు వంచి, "సార్, మూడో ట్యాపెట్ లూజున్నది. జర టైట్ చేయించుండ్రి," అని పక్క బండి వైపు వెళ్లాడు.

నా వెనకే దిగిన హైదర్‌గూడ ఆయన ఆగిపోయాడు. "గట్ల ఉత్తగ విని చెప్పిండా! ఎక్కడనో చూసినట్టుంది. ఎవరన్నా ఆయన?"

నిజం చెప్పమని దేవుడు నాకు ఇంకోసారి నోరిచ్చాడు.

"ఎవరో. పార్కింగ్ అతను," అన్నాను.

మేస్త్రి పది అడుగుల దూరంలో ఉన్నాడు. అంత మోతలో ట్యాపెట్ చప్పుడు విన్న మనిషికి నా మాట వినపడలేదని నన్ను నేను మోసం చేసుకోలేను. అయినా లోపలికెళ్లి ఇడ్లీ తిన్నాను. తిరిగొచ్చి స్టార్ట్ చేసి, అలవాటుగా ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాను. వెనక ఇంకో కారువాడు హారన్ కొడుతున్నాడు. మేస్త్రి చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు. ముల్లు లేచేదాకా ఆగి, అప్పుడు ఈల వేసి నా బండిని రోడ్డు మీదికి పంపించాడు.