నాన్న మొక్కుకున్న నా రెక్కలు

విమానం నేలకు తగిలి మళ్ళీ ఎగిరింది. అలా ఎగిరినప్పుడు పవరు ఇచ్చి పైకి వెళ్ళిపోవాలి. నేను దాని ముక్కు కిందికి నొక్కాను. ముందు చక్రం విరిగింది, ప్రొపెల్లరు రన్‌వేని గీరుకుంటూ వంగిపోయింది, విమానం పక్కకు జారి గడ్డిలో ఆగింది. లోపల నేను ఒక్కదాన్నే. బెల్టు ఒరుసుకుని భుజం కమిలింది, అంతే.

విమానం నడపడం నేర్పే సారు పరుగున వచ్చి ముందు నన్ను చూశాడు, తర్వాత చక్రాన్ని చూశాడు.

"ఎందుకు నొక్కావమ్మా?"

"భయమేసింది సార్."

"భయమేస్తే పైకి పోవాలి. కొన్నాళ్ళు నాతో కలిసి నడుపు. తర్వాత మళ్ళీ ఒక్కదానివే వెళ్దువుగాని."

ఈలోపు ఎవరో ఇంటికి ఫోన్ చేశారు. నాన్న కల్లంలో ఉన్నాడు. తాలుకాయలు ఏరుతున్న కూలీలందరి ముందు, ఎండబోసిన మిరపకాయల మీదే మోకరించాడు. బిడ్డను ప్రాణాలతో ఇస్తే జన్మలో విమానం ఎక్కనివ్వనని ప్రభువుకు మొక్కుకున్నాడు. అప్పటికి నేను గడ్డిలో కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాను.

మా సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెబుతారు. అక్కడ చెప్పిన మొక్కుబడికి అందరూ ఆమేన్ అంటే, ఇక అది ఒక్కరిది కాదు. చెల్లించావా అని ఊరంతా అడుగుతుంది. ఆ ఆదివారానికి నేను ఇంటికి వచ్చాను. ఆరాధనలో నాన్న లేచాడు. దేవదూతలు రెక్కలు పట్టుకుని విమానాన్ని దించారన్నాడు. పట్టుకున్న వాళ్ళు చక్రం ఎందుకు విరగనిచ్చారో ఎవరూ అడగలేదు. మొక్కు సంగతి చెప్పాడు. అందరూ ఆమేన్ అన్నారు. వెనక చాప మీది పిన్ని నా ముసుగు లాగి గుసగుసలాడింది.

"ఇక బుద్ధిగా బీయెడ్ చెయ్యవే. పంతులమ్మ కుర్చీ కింద పడదు."

ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. చిన్నప్పుడు నాకు బైబిలు వాక్యం నేర్పింది ఆయనే.

"అయ్యగారూ, వాక్యంలో ఒకాయన యుద్ధానికి పోతూ మొక్కుకున్నాడు కదా, గెలిచొస్తే ఇంట్లోంచి ముందు ఏది ఎదురొస్తే దాన్ని బలిస్తానని. కూతురు ఆడుకుంటూ పాడుకుంటూ ఎదురొచ్చింది. ఆ మొక్కు దేవుడు అడిగాడా?"

"అడగలేదు తల్లీ."

"మా నాన్ననడిగాడా?"

"మొక్కుకున్నాక తప్పకూడదు కదమ్మా."

"అయితే తన గేదెని మొక్కుకోమనండి. తన పొలం మొక్కుకోమనండి. నా చేతుల్ని మొక్కుకోవడానికి ఆయనెవరు?"

గుమ్మంలో ఉన్న నాన్న విన్నాడు.

"అయ్యగారి ముందు ఏం మాటలే అవి?"

"నీకు భయమేసింది నాన్నా. నాకూ వేసింది. నువ్వు దానికి దేవుడి పేరు పెట్టావు."

దేవుని నామాన్ని వ్యర్థంగా ఎత్తకూడదని సండేస్కూల్లో మాచేత వల్లె వేయించారు. తిట్లలో వాడకూడదనే నేర్పారు. మన భయాన్ని ఇంకొకరి మీద ఆజ్ఞలా రుద్దడానికి వాడటం అంతకంటే వ్యర్థం కాదా? నన్ను కాపాడింది దేవుడే. అందులో నాకు అనుమానం లేదు. ఇంట్లో కూర్చోబెట్టడానికే కాపాడాడని మాత్రం నాకెవరూ చెప్పొద్దు.

నేను ట్రైనింగుకి తిరిగి వెళ్ళాను. నాన్న బస్టాండుదాకా కూడా రాలేదు.

సారు మళ్ళీ ఒంటరిగా పంపిన రోజు, నేను పైకి ఎగిరాక గాలి లేచింది. దిగబోతే విమానం నేలకు తగిలి మళ్ళీ ఎగిరింది. చెయ్యి ముందుకు నొక్కబోయింది. ఆపాను. పవరు ఇచ్చి పైకి వెళ్ళాను. చుట్టూ తిరిగి వచ్చేంతసేపూ బిగ్గరగా ప్రార్థన చేశాను. ఏ మొక్కూ మొక్కలేదు. రెండోసారి చక్రాలు నేలను అంటుకుని పరుగెత్తాయి.

సెలవుల్లో ఇంటికి వస్తే నాన్న పక్కనే ప్రార్థన గుడికి వెళ్తాను. సాక్ష్యాల వేళ ఆయన లేచి, చెల్లించలేకపోయిన మొక్కుబడి కోసం క్షమాపణ అడుగుతాడు. విమానం మాట ఎత్తడు, నా మాట ఎత్తడు. నా బిడ్డ విమానాన్ని క్షేమంగా దించింది, ప్రభువుకు స్తోత్రం అని ఒక్కసారి అంటే నేనూ లేచి స్తుతిస్తాను. అనడు. ఆయన క్షమాపణకు సంఘమంతా ఆమేన్ అంటుంది.

నేను అనను.