జోళ్ల బావ కొలతపలక

జోళ్ల బావకు మనుషుల మొహాలు గుర్తుండవు. పాదాలు మాత్రం ఒక్కసారి చూస్తే చాలు, జన్మలో మర్చిపోడు. ఎవరు ఎదురైనా ముందు కిందకి చూస్తాడు, ఆ తర్వాతే నమస్కారం. నమస్కారం వెనకే తీర్పు: "మీ ఎడమకాలు కాస్త పెద్దదండీ!" డాక్టరైనా ఒకటే, కుళాయి బాగుచేయడానికి వచ్చినవాడైనా ఒకటే.

ఆయనకూ తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. కానీ బావమరిది దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చుని పొద్దస్తమానం "ఊరుకో బావా!" అని అరుస్తుండేసరికి, వీధి వీధంతా ఆయన్ని బావను చేసేసుకుంది.

బావమరిది అక్కను పెళ్లాడతానని అడగడానికి వచ్చిన రోజున కూడా బావ అన్న మొదటి మాట అలాంటిదే. "మీ కుడికాలు కాస్త పెద్దది. నాకు నచ్చింది." నచ్చింది తనో, తన కాలో అక్కకు ఇప్పటికీ తేలలేదు.

చిన్నప్పుడు ఏదో జ్వరం వచ్చి బావ ఎడమకాలు ఎదగడం మానేసింది. ఆ లోటు కూడా తనే తీర్చాలన్నట్టు కుడికాలు దిట్టంగా పెరిగింది. ఎడమ బూటులో పాత కాగితాలు కుక్కుకుని బడికి వెళ్లేవాడు. ఓసారి పరుగుపందెంలో మనిషి ముందుకు ఉరికితే బూటు వెనకే ఉండిపోయింది. పిల్లలు పగలబడి నవ్వారు. బావ కూడా వాళ్లతో కలిసి నవ్వి, ఇంటికొచ్చి దుప్పటి ముసుగులో ఏడ్చాడు.

పెద్దయ్యాక ఓ బూట్ల దుకాణంలో పనికి కుదిరి, యజమానికి ఉత్సాహంగా సలహా ఇచ్చాడు.

"ఎడమది ఒక సైజు, కుడిది ఒక సైజు అమ్ముదామండీ!"

"మిగిలిన రెండూ ఎవడు కొంటాడు? మీ మావగారా?"

"నాకు సరిగ్గా ఎదురు కాళ్లవాడు, అంటే ఎడమది పెద్దగా ఉన్నవాడు, ఎక్కడో పుట్టే ఉంటాడండీ. వాడు కొంటాడు."

ఆ సాయంత్రానికల్లా ఉద్యోగం ఊడింది. బావ ఏమాత్రం నీరుగారిపోలేదు. తన ఇంటి మెట్ల కింది గదిలోనే దుకాణం తెరిచి, ఏ కాలి సైజు ఆ కాలికి కుట్టి అమ్మడం మొదలుపెట్టాడు. మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత వరసలో నిలబడ్డారు. అయితే తనకో జత కుట్టుకున్నప్పుడల్లా ఆ ఎదురు కాళ్లవాడికీ ఓ జత కుట్టి, తీసుకెళ్లి అక్క బీరువాలో పెట్టేవాడు.

"నా బట్టలు కుర్చీ మీద, ముక్కూమొహం తెలియనివాడి బూట్లు బీరువాలోనూ!" అని అక్క గింజుకునేది.

"మొహంతో మనకేం పనే? కాళ్లు తెలుసుగా!" అనేవాడు బావ.

ఇలా ఉండగా ఊళ్లో సగం బూట్ల దుకాణాలున్న ఓ పెద్దావిడ కబురు పెట్టింది, సరుకు చూడ్డానికి వస్తున్నానని. ఆవిడ సరేనంటే మెట్ల కింది గది కాస్తా పెద్ద షెడ్డవుతుంది. బావ ఎన్నేళ్లుగానో కంటున్న కల అది. తెల్లారకముందే లేచి, తుడిచిన బూట్లనే మళ్లీ మళ్లీ తుడుస్తున్నాడు.

"బావా, దణ్ణం పెడతా. ఇవాళ ఆవిడ కాళ్ల మాటెత్తకు."

"ఎత్తను. ఒట్టు! గడియారం కేసి చూస్తూ కూర్చుంటా."

అన్నంత పనీ చేశాడు. ఆవిడ తోలు నొక్కి చూస్తుంటే బావ గోడ గడియారాన్ని గుడ్లప్పగించి చూశాడు.

"మీరెక్కడికైనా వెళ్లాలా?" అందావిడ చిరాగ్గా.

"లేదండీ. గడియారం బాగుందని..."

బావమరిది తల పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే పొడుగాటి కుర్రాడొకడు గుమ్మంలోకి వచ్చాడు. లోపలి పెద్దావిడను చూసి సిగ్గుపడి, "తర్వాత వస్తాలెండి" అని వెనక్కి తిరిగాడు. వాడి కుడి బూటులోంచి కాగితం ముక్క తొంగిచూస్తోంది.

బావ ఒక్క ఉదుటున లేచాడు. "మేడమ్! మీ ఎడమకాలు కాస్త పెద్దదండీ!"

బావమరిది గల్లాపెట్టె టక్కున మూసేశాడు. షెడ్డూ పోయె, ఉన్న పరువూ పోయె! బావ ఈలోగా కొలతపలక తెచ్చి ఆవిడ పాదాల కింద పెట్టేశాడు. బావమరిది వంగి చూశాడు. రెండు పాదాలూ ఒకే గీత మీద ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేదు.

"చూశారా? అర సైజు తేడా!" బావ గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

"బావా, అది..." అనబోయిన బావమరిది కాలిని బావ తన పెద్ద కాలితో గట్టిగా తొక్కాడు.

ఆవిడ పలకను చూసింది, బావను చూసింది, గుమ్మంలో ఆగిపోయిన కుర్రాడి బూటు చూసింది. "అవునా! అందుకేనా ఎడమ చెప్పు ఎప్పుడూ కరిచేది!" అంది బిగ్గరగా.

కుర్రాడు మెల్లగా లోపలికి వచ్చాడు. "నావీ చూస్తారా? తేడా... కొంచెం ఎక్కువే."

"తేడా లేనివాడెవడు బాబూ! ఆ విషయంలో అందరం ఒకటే. కూర్చో!"

బావ ఒకటికి రెండుసార్లు కొలిచాడు. ఎడమది పెద్దది, కుడిది చిన్నది. "ఏమేవ్! దొరికాడే! దొరికాడు!" అని అరుస్తూ మేడ మీదికి పరిగెత్తి, బీరువాలోంచి ఓ జత పట్టుకొచ్చాడు. వెనకే అక్క. కుడిది అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఎడమది మడమ దగ్గర ఆగిపోయింది.

అక్క బావ మొహంలోకి చూసింది.

"వేలెడు తేడా! అబ్బ, ఎంత దగ్గరికొచ్చాం!" అని బావ గంతేశాడు. అరలోంచి అదే రంగులో ఇంకాస్త పెద్ద ఎడమ బూటొకటి తీసి తొడిగాడు. కుర్రాడు అటూ ఇటూ నడిచి, కాగితం ఉండను తనే చెత్తబుట్టలోకి విసిరేసి, నవ్వుకుంటూ వెళ్లాడు.

"ఇక నా బీరువాలో ఒంటి బూటు కూడానా!" అని అక్క లబలబలాడింది.

పెద్దావిడ లేచింది. "నా కళ్లు బాగానే ఉన్నాయండీ. రెండూ ఒకే గీత మీద ఉన్నాయి."

బావ బుర్ర గోక్కున్నాడు. "క్షమించండి మేడమ్. వాడు వెళ్లిపోతున్నాడు, ఏం చేయను?"

"మా దుకాణాలన్నిటికీ మీ సరుకు పంపండి. మావాళ్లకి మీరే వచ్చి నేర్పాలి."

"కొలవడమాండీ?"

"కొలవడం ఎవరైనా నేర్పుతారు" అని ఆవిడ వెళ్లిపోయింది.

బావా అక్కా ఒంటి బూటు గురించి పోట్లాడుకుంటూ మేడెక్కాక, బావమరిది చెప్పులు విడిచి పలక మీద నిలబడ్డాడు. 'నీ కుడికాలు పెద్దదిరా బామ్మర్దీ' అని ఇన్నేళ్లుగా అందరి ముందూ అనిపించుకున్నాడు. చూస్తే రెండూ ఒకే గీత మీద ఉన్నాయి. కోపం రావాలి, కానీ బావ మీద బోలెడంత ప్రేమ వచ్చింది.

తలెత్తి చూస్తే గుమ్మంలో ఓ ముసలాయన, ఒక కాలిని ఇంకో కాలి వెనక దాచుకుంటూ నిలబడి ఉన్నాడు.

బావమరిది గొంతు సవరించుకుని, తన కుడికాలు ముందుకు చాపాడు.

"రండి రండి! ముందు నా కాళ్లు చూడండి, కుడిది ఎంత పెద్దదో!"