అన్న గీసిన పియానో

ఈ రోజు గురువారం. పియానో క్లాసులో కూర్చోగానే నా బొటనవేలు తప్పు మెట్టు మీద పడింది. మళ్లీ వాయించినా అంతే.

మా ఇంట్లో పియానో లేదు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివే మా అన్న చార్టు మీద మెట్లు గీసి ఇచ్చాడు. ఏ మెట్టుకు ఏ వేలు వాడాలో చెప్పే క్రమాన్ని మా సార్ ‘వేళ్ల వరస’ అంటారు. ఆ మాటంటే నాకు ఎంతో ఇష్టం. పాటలో కష్టమైన చోట చెయ్యి పట్టేయకుండా సాగే వరసను వారమంతా ఆ చార్టు మీదే వెతికి పట్టుకున్నాను. అసలు పియానో మీద అది కుదరనే లేదు.

“వారం నుంచి ముట్టనే లేదు గదా నువ్వు. రేపు గూడ గిట్లనే ఉంటే మన క్లాసు ఫంక్షన్ల వేరేటోళ్లు వాయిస్తరు,” అన్నారు సార్.

ఇంటికొచ్చి చార్టు మీద చెయ్యి చాపాను. క్లాసులో ఏడు మెట్లే అందిన చేతికి ఇక్కడ తొమ్మిది అందాయి.

“ఏందన్నా ఇది?”

“మెట్లన్నీ చార్టుల పట్టలేదే. స్కేలు తగ్గించి చిన్నగ గీసిన. మా డ్రాయింగుల గట్లనే చేస్తం.”

“మరి నా వేళ్లకు గూడ తగ్గించకపోయినవ్?”

నవ్వాడు. ఆ నవ్వుకే ఒళ్లు మండింది. మీ ఇళ్లలోనూ ఇలాంటి ఇంజనీర్లు ఉంటే చెప్పండి, కొంచెం చల్లబడతాను.

రేపు పొద్దున సార్ తలుపు తీసేసరికి అక్కడ ఉంటాను. అసలు మెట్ల మీద కొత్త వరస వెతుకుతాను. అన్న కూడా వస్తున్నాడు. ఆ చార్టు పట్టుకొని సార్ ముందు నిలబడేది వాడే.