మూడో రెండు

నేనొక వెట్ గ్రైండర్‌ను ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. అది అంతకుముందు నాది కాదనుకోండి. నాది కానిదాన్ని కూడా పోగొట్టుకోవడం అందరికీ చేతకాదు.

అమెరికాలో, టెక్సస్ ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ల ఆడవాళ్లం తలా కాస్త వేసుకుని దాన్ని కొన్నాం. శనివారం మధ్యాహ్నం క్లబ్‌హౌస్‌లో పోకర్ టోర్నమెంట్, గెలిచినవాళ్లకు గ్రైండర్. మా మిక్సీ ఆ వారమే పొగ వదిలి, ప్రాణం కూడా వదిలింది. అందుకని పొద్దున్నే మినప్పప్పు, బియ్యం నానబోసి మరీ బయలుదేరాను.

"గెలవకపోతే?" అన్నారు మావారు.

"నానబోశాక గెలవకేం చేస్తాను?"

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. పేకముక్కలు మాత్రం పరికిణీ కట్టే రోజులనుంచే చదివేదాన్ని. కాకపోతే అదంతా రమ్మీ. పోకర్ నేర్పింది పక్క ఫ్లాట్ సుజాత.

"అక్కా, మొదట్లో చిన్న జత వస్తే తక్కువ చిప్స్ పెట్టి చూడు. బల్లమీద మూడు ముక్కలు తెరుస్తారు. నీ జతకి మూడోది కలిసిందా, పండగే. కలవలేదా, మొహమాటపడకుండా పడేసెయ్."

చిప్స్ అంటే తినేవి కాదండీ, పందెం కాసే ప్లాస్టిక్ బిళ్లలు. నేనూ మొదట ఆశపడ్డాను.

కూర్చున్నానన్న మాటేగానీ, మనసంతా ఇంట్లో ఉబ్బుతున్న పప్పుమీదే. అంతలో మొదటి ఆటలోనే నా చేతికి రెండు రెళ్లు! తక్కువ చిప్స్ పెట్టాను. బల్లమీద రాజు, రాణి, తొమ్మిది తెరిచారు. మూడో రెండు లేదు. ఎదురుగా పద్మజగారు నింపాదిగా పందెం పెంచారు.

కలవకపోతే ఏం చేయాలి? పడేయాలి. పడేశాను. నా బిళ్లలన్నీ రెండు చేతులతో ఎత్తి, కల్లాపి చల్లినట్టు బల్లమీద పడేశాను.

"ఆల్ ఇన్! ఉన్నదంతా పందెమన్నమాట! నేను రెడీ," అన్నారు పద్మజగారు. బల్లమీది రాజుకు జతగా ఆవిడ చేతిలో ఇంకో రాజు ఉన్నాడు. రాజుల జత ముందు నా రెళ్ల జత ఏపాటి?

"ఏంటక్కా ఇది!" అని సుజాత కేక.

"నువ్వే కదా పడేయమన్నావు!"

"ముక్కలక్కా! పడేయమంది ముక్కల్ని!"

"ముక్కలని అన్నావా మరి?"

"చిప్స్ అని అన్నానా?"

బల్లమీద ఇంకా రెండు ముక్కలు తిప్పాలి. "మూడోది, మూడోది" అని లేచి నిలబడి జపం చేశాను. మొదట నాలుగు వచ్చింది. తర్వాత నా మొర ఆలకించినట్టు మూడే వచ్చింది. మూడో రెండు అని వివరంగా అడగాల్సింది. అందరికంటే ముందు ఇంటికి చేరినదాన్ని నేనే.

"గ్రైండర్ ఏదీ?" అన్నారు మావారు. నేను పప్పు గిన్నెమీద మూత పెట్టేశాను.

సాయంత్రానికి పప్పు పులిసే వాసన మొదలైంది. ఇక ఆగలేక గిన్నె చంకనెత్తుకుని, గెలిచినావిడ తలుపు కొట్టాను. ఎవరనుకున్నారు? సుజాతే! నవ్వు ఆపుకుంటూ గ్రైండర్ ఆన్ చేసింది.

"ఊఁ, పడేసెయ్ అక్కా."

గిన్నెను గట్టిగా కావలించుకున్నాను. "ఏది? పప్పా, నీళ్లా, గిన్నెతో సహానా?"

సుజాత నవ్వలేక నేలమీద కూలబడింది. నేను మాత్రం తిరుగుతున్న ఆ రాళ్ల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. లేటుగా నేర్చినా వ్యాకరణం నాకూ వచ్చు. ఇకమీదట ఎవరెంత తొందరపెట్టినా ఒక్క క్రియ విని చెయ్యి కదపను. ముందు కర్మ ఏదో చెప్పాల్సిందే. లేకపోతే అది నా కర్మ అవుతోంది.