తంబూర కింద పెట్టె

మా పడుచు రోజుల్లో ఉదయగిరి చుట్టుపక్కల కోపానికి ఒక్కదానికే కరువు లేదు, తక్కినవన్నీ కరువే. రెండేళ్లుగా వాన మొహం చాటేసింది. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. కడుపు సగం ఖాళీ, బుర్ర పూర్తిగా ఖాళీ (ఇది మా అవ్వ మాట), చేతిలో తాత వదిలిపోయిన తంబూర. ఆత్మకూరులో భజన గుంపు నడిపే పెద్దాయనను అందరం తాళాలాయన అనేవాళ్లం. ఆయన గుంపులో చేరితే పాడిన ప్రతి ఊళ్లోనూ ఒక పూట బువ్వ ఖాయం. నా తంబూర విని ఆయన, "శ్రుతి బాగుండాది రా అబ్బయా. మద్దెల మొదలైతే మాత్రం నువ్వుండావో లేవో తెలీడంలా. నవమి పందిట్లో నా చెవికి వినబడేట్టు మోగించు, చేర్చుకుంటా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. తంబూరను గట్టిగా మోగించడం ఎట్లా? ఇంటికొచ్చి, కొట్టంలో బోర్లించిన చెక్క తొట్టి మీద దాన్ని విసురుగా ఆనించాను. బొంయ్‌మని మోగింది! తొట్టి కడుపులోని గాలే మోగుతోందని తెలిసిపోయింది. పశువులు లేని కొట్టానికి తలుపెందుకని ఊడబెరికాను. చెక్కలు పలచగా చెక్కి, చింతగింజల బంకతో అతికి, మోకాలెత్తు పెట్టె చేశాను. మోత బయటికి రావడానికి పైచెక్కకు గుండ్రంగా ఒక బొక్క పెట్టాను. "జనం చింతగింజలు ఉడకేసుకొని తింటావుంటే నువ్వు బంక కాస్తావుండావా? తలుపు పాయె, గింజలు పాయె! ఏందిరా నీ పెట్టె?" అని అవ్వ వారం రోజులు తిట్టింది. నేనూ ఊరుకోలేదు, "నీకేం తెలుసు, ముసలీ!" అని అరిచాను. నవమికి మూడు రోజుల ముందు పెట్టె మీద తంబూర పెట్టి మీటితే వీధి చివరి కుక్క మొరిగింది. అంతకంటే మెప్పు ఏం కావాలి? గోనెపట్టాలో చుట్టి మూలన పెట్టాను.

మర్నాడు పొద్దున, ఊళ్లో ఉప్పు దించి తిరిగి పోయే బండి ఆత్మకూరు మీదుగా వెళ్తోందంటే పరుగెత్తాను. అవ్వ ఆకు కోసుకురావడానికి కొండకు పోయింది. చెప్పి పోదామనుకోలేదు, కోపం కదా. పెట్టెను బండికి ఎత్తడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. "ఏందబ్బయా, రాళ్లా?" అన్నాడు బండివాడు. "పనితనం" అన్నాను. (ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.)

నవమినాడు పందిట్లో జనం. గోనెపట్టా విప్పకుండానే, పైన చిన్న చీలిక చేసి తంబూర నిలబెట్టి మీటాను. దిండు మీద గుద్దినట్టుంది. మళ్లీ మీటాను. మద్దెలాయన నవ్వాడు. నాకు కళ్లు ఎర్రబడ్డాయి. పట్టా చింపేశాను. నేను పెట్టిన బొక్కలో పాత చీర పేలిక దూర్చి, పైన పేడతో మెత్తి ఉంది! గింజల బానకు మూతి అలికినట్టు నీటుగా అలికి ఉంది. పేలిక పీకి, పెట్టెను కాలితో ఒక్క తన్ను తన్నాను. అది పక్కకు ఒరిగి, బూడిదా వేపాకూ కలిపిన జొన్నలు జలజలా కారాయి.

అందరి కళ్లూ గింజల మీదే. అవి మా విత్తనాలు. తాళాలాయన ఒక్క అంగలో వచ్చి, "మూయిరా, ముందు మూయి!" అని తన ఉత్తరీయం ఆ బొక్కలో కుక్కాడు. కారిన గింజలు ఆయనే ఏరి నా పంచె చెంగులో పోశాడు. తర్వాత చెవిలో, "తంబూర సంగతి వదిలెయ్. దాని మీద కూసో. భజన అయ్యేదాకా లేవబాక" అన్నాడు. పళ్లు కొరుక్కుంటూ కోడి పొదిగినట్టు కూర్చున్నాను.

ఇంటికి చేరేసరికి అవ్వ గడపలో ఉంది. నేను పోయినప్పటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదట. నన్ను చూడలేదు, పెట్టెనే తడిమింది. "ఏందవ్వా నువ్వు చేసిన పని? నా బతుకు మీద గింజలు పోసినావే!" అని గొంతు చించుకున్నాను.

"బానలో ఉంటే నువ్వే తినేస్తావని దాచినాను రా. గింజలు పోసే మూతి పెట్టినావు గదా, తలుపు పీకినందుకు సిగ్గొచ్చి నాకే చేసినావనుకున్నా."

పద్దెనిమిది రోజులు మాట్లాడలేదు నేను. వాన పడింది. విత్తనం చేలోకి పోయింది. అవ్వ పెట్టె దులిపి నా ముందు పెట్టింది. మూతి ముడుచుకునే తంబూర ఆనించి మీటాను. ఇల్లంతా మోగింది. అవ్వ నోరు తెరిచి విన్నది. "ఇంత మోతనా? ముందే తెలిసుంటే..." అన్నది. ఇక క్షమాపణ అడుగుతుందని తల ఎత్తాను.

"...ఇంకో పెట్టె కూడా చేయమనేదాన్ని గదరా."

ఆ నెల్లోనే చేశాను, తిట్టుకుంటూనే. బొక్క మాత్రం, అవ్వ పిడికిలి పట్టేంత, కొలిచి పెట్టాను.